కిటికీలో లేని దీపం

ఉద్యోగ విరమణకు రెండేళ్లు మిగిలి ఉండగా, ఆ ఫిబ్రవరిలో నేను మదనపల్లెలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఈ హోదా పేరు వింటే బయటివాళ్లు హెడ్మాస్టరుకు ఫైళ్లు మోసేవాడనుకుంటారు. ఉన్నత తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే పంతులు, అంతే. పైన హెడ్మాస్టరు ఉంటాడు. కింద పిల్లలు తప్ప ఎవరూ ఉండరు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు మేము గ్రాండ్ టెస్టు ఒకటి పెట్టేవాళ్లం. ఇది ప్రభుత్వం పెట్టింది కాదు. మదనపల్లె, రామసముద్రం, పుంగనూరు, రామకుప్పం బడుల ఇంగ్లీషు పంతుళ్లం నలుగురం చేసుకున్న ఏర్పాటు. ఒకరు ప్రశ్నపత్రం తయారు చేయాలి. ఎవరి పిల్లల పేపర్లు వాళ్లు దిద్దుకోకూడదు, ఒక బడి కట్ట ఇంకో బడికి పోవాలి. కట్టలను గోనెగుడ్డలో కుట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్లం. ఆ ఏడు ప్రశ్నపత్రం నాది. దిద్దడానికి నాకు వచ్చింది రామకుప్పం కట్ట.

సాహిత్య భాగంలో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను. పాఠ్యపుస్తకంలో ఒక పద్యం ఉండేది. నది ఒడ్డున ఇంట్లో ఒక ముసలామె పడవలో పోయిన కొడుకు కోసం సాయంత్రం ఎదురుచూస్తుంటుంది. కొడుకు వచ్చాడో లేదో కవి చెప్పడు. ఆమె కిటికీలో పెట్టిన దీపం దేనికి గుర్తు, రాయండి అన్నది నా ప్రశ్న. జవాబు కూడా నాదే. దీపం ఆశకు గుర్తు, తల్లి ప్రేమకు గుర్తు, చీకట్లో కొడుక్కి దారి. పదేళ్లుగా నేను చెప్పి రాయించిన నోట్సు అది. నలుగురం అదే నోట్సు వాడేవాళ్లం.

భోజనాల తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని దిద్దుతున్నాను. పేపరు తర్వాత పేపరు, దీపం తర్వాత దీపం. పదిహేను పేపర్లు దిద్దేసరికి చెయ్యి దానంతటదే మార్కులు వేస్తుంది, మనిషి వేరే ఎక్కడో ఉంటాడు. ఆ మత్తులో ఒక పేపరు వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ పిల్ల రాసింది ఇంచుమించు ఇది. 'ఈ పద్యంలో నాకు దీపం కనబడలేదు. ముసలామె వింటూ ఉంది. తెడ్డు చప్పుడు, కప్పలు, గాలి ఉన్నాయి. మా నాయన ఏనుగులు వస్తాయని చేనికి కావలి పోతే మా అమ్మ టీవీ ఆపేస్తుంది. మిక్సీ కూడా వెయ్యదు. వింటూ ఉంటుంది. ఈ ముసలామె కూడా అంతే.'

ప్రయత్నించినందుకు ఒక మార్కు వేశాను. మొత్తం ముప్పై ఒకటి వచ్చింది. పాసు కావాలంటే ముప్పై ఐదు. తప్పినట్టు రాసి పక్కన పెట్టాను.

తర్వాతి పేపర్లలో మళ్లీ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కానీ నా చెవిలో ఆ ఆపేసిన టీవీ ఉండిపోయింది. బడి వదిలినా, ఇంటికి నడుస్తున్నా, అంగళ్ల ముందు అంత సందడిలోనూ ఎవరో ఒకామె ఊపిరి బిగబట్టి వింటున్నట్టే ఉంది. పొద్దున్నే బడికి పోయి ఒక పిల్లవాడి దగ్గర పాఠ్యపుస్తకం అడిగి తీసుకున్నాను. నా దగ్గర పుస్తకం లేదు. ఉండాల్సిన అవసరం పడి చాలా ఏళ్లయింది, నోట్సు ఉంది కదా.

పద్యం మూడుసార్లు చదివాను. అందులో దీపం లేదు. కిటికీ ఉంది, అది మూసి ఉంది. మొదటి పాదం నుంచి చివరిదాకా ఒక్క వెలుగు మాట లేదు, అన్నీ చప్పుళ్లే. చివర్లో కప్పలు కూడా ఊరుకుంటాయి.

మరి దీపం ఎక్కడినుంచి వచ్చింది? పుంగనూరు నుంచి వచ్చింది. పదేళ్ల కిందట నేను అక్కడ పనిచేసేటప్పుడు ఆ పుస్తకం కొత్తగా వచ్చింది. మా తరగతి కిటికీకి ఎదురుగా లాంతర్లు, స్టవ్వులు బాగుచేసే సాయిబు అంగడి ఉండేది. బాగుచేసిన లాంతరును ఆయన మిట్టమధ్యాహ్నం వెలిగించి అంగడి ముందు తగిలించేవాడు. పట్టపగలు దీపమేంది సాయిబూ అని ఒకసారి అడిగితే, "ఎలిగేది కండ్ల జూస్తేనే గదా సార్ నమ్మకం" అన్నాడు. ఎండలో ఆ పసుపుపచ్చటి చుక్క ఉందా లేదా అన్నట్టు ఊగుతుండేది. భోజనం చేసి వచ్చి, కళ్లు మూతలు పడుతుంటే, దాన్ని చూస్తూ నేను నోట్సు చెప్పాను. ముసలామె కిటికీలో సాయిబు లాంతరు తగిలించేశాను. నలభైమంది పిల్లలు రాసుకున్నారు. బీఎడ్ శిక్షణలో భాగంగా మా బడికి పాఠాలు చెప్పడానికి వచ్చిన మునిరత్నం అనే కుర్రవాడు ఆ నోట్సు మొత్తం ఎత్తి రాసుకున్నాడు. అతనే ఇప్పుడు రామకుప్పంలో ఇంగ్లీషు పంతులు. నా దీపం అతనితో అక్కడిదాకా పోయింది.

మునిరత్నానికి ఫోను చేసి రోలు నంబరు చెప్పి ఎవరీ పిల్ల అని అడిగాను.

"మంజుల సార్. తప్పిందా? అయితే ఆ పిల్ల కత అయిపాయ. ఈ పరీచ్చలో ఇంగ్లీషు పోతే సదువు మాన్పించి, వాళ్ల చిన్నమ్మ జతలో బెంగళూరు గార్మెంట్స్‌కు పంపిస్తానని వాళ్ల నాయన సెప్పినాడు. శనివారం లిస్టు సూసేకి వస్తాండాడు."

దీపం సంగతి చెప్పాను.  అవతల అతను కూడా పుస్తకం తెరుస్తున్నాడని పేజీల చప్పుడును బట్టి తెలిసింది. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇది ఎవురికీ తెలీదు గదా సార్. యాడన్నా నాలుగు మార్కులు కలిపేయండి. అయిపోతాది. నాలుగు బళ్లలో మన మానం యాల తీసుకోవాల?"

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. నోట్సు అంటే నాదే అని నాలుగు మండలాల్లో పేరు. నాలుగు మార్కులు కలిపితే పిల్ల గట్టెక్కుతుంది, నా పేరూ నిలబడుతుంది. కానీ అప్పుడు ఆ పిల్ల సరిగ్గా చదివింది గాబట్టి కాదు, నేను జాలిపడ్డాను గాబట్టి పాసైనట్టు. పైగా నెల తిరిగితే పబ్లిక్ పరీక్ష, అక్కడ దిద్దేవాళ్ల దగ్గర నా నోట్సు ఉండదు.

మా వృత్తిలో నియమం ఒకటుంది. ప్రశ్నే తప్పైతే, దాన్ని ప్రయత్నించిన ప్రతివాళ్లకూ పూర్తి మార్కులు. ప్రశ్న తప్పు, పత్రం తయారు చేసినవాడి పొరపాటు అని కాగితం రాసి మా హెడ్మాస్టరు సంతకం తీసుకుని మిగతా మూడు బడులకూ పంపాను. అంటే అందరూ అన్ని పేపర్లూ మళ్లీ తీయాలి, లిస్టులు మళ్లీ రాయాలి. రామసముద్రం సారు ఫోనులోనే కడిగేశాడు. "రిటైరయ్యే ముందర నీకు ఈ పని యాలప్పా" అన్నాడు. పడాల్సిన మాటే, పడ్డాను.

మార్కు మార్చడానికి ఒక పద్ధతి ఉంది. పాత అంకెను రుద్దకూడదు, దిద్దకూడదు. అది చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన కొత్త అంకె వేసి, సంతకం, తేదీ పెట్టాలి. మంజుల పేపరు మీద ఒకటిని కొట్టి ఎనిమిది వేశాను. ముప్పై ఎనిమిది.

కట్టను ఈసారి డ్రైవరు చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. శనివారం పొద్దున్నే నేనే బస్సెక్కాను. పుంగనూరులో బస్సు కాసేపు ఆగింది. సాయిబు అంగడి ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. గాజు పెట్టెలో ఫోన్లన్నీ వెలుగుతున్నాయి, వాటి వెనక ఆయన కొడుకు కాబోలు తల వంచుకుని పనిలో ఉన్నాడు. బస్సు కదిలాక నిద్ర, మెలకువ కలగలిసిపోయాయి. పలమనేరు దాటాక మామిడితోపులు, ఎర్రమట్టి, కోసేసిన రాగి చేల మొదళ్లు. ప్రతి ఇంటి కిటికీ వైపూ చూస్తూ పోయాను. ఒక్క కిటికీలోనూ దీపం లేదు. పట్టపగలు ఎందుకుంటుంది?

రామకుప్పం బడి వరండాలో నేను తెచ్చిన కొత్త లిస్టు అంటించారు. మంజుల తండ్రి వేలు పెట్టి పేరు వెతికి, అంకె చూసి, నావైపు తిరిగాడు. మునిరత్నం ఆయనకు ముందే అంతా చెప్పినట్టున్నాడు.

"ముందు తప్పిందన్నారంట గదా సార్. ఇప్పుడు పాసంటాండారు. మళ్లా మారుస్తారా?"

"మార్చం. తప్పింది మీ బిడ్డ కాదప్పా, నేను."

ఆయన కాసేపు నన్నే చూశాడు. కావలి కాసేవాళ్లకు అలా చూడటం అలవాటు. తర్వాత కూతురితో, "సరే, పోయి సదువుకో" అన్నాడు.

మంజుల నా ఎదురుగా నిలబడింది. సన్నటి పిల్ల, తల ఎత్తదు. ఇంతమందికి కనబడింది నీకెలా కనబడలేదమ్మా అని అడిగాను. మంచి జవాబు ఒకటి వింటాననుకున్నాను. బస్సులో వస్తూ ఆమె నోట ఎన్నో రకాల జవాబులు ఊహించుకున్నాను కూడా.

"మా సారు నోట్సు సెప్పిన దినం నేను బడికి రాలేదు సార్. రాత్రంతా ఏనుగులని అరిసినారు, నిద్దర లేదు. నోట్సు లేకపోతే బుక్కు సదివినాను." కాస్త ఆగి నిజాయితీగా చెప్పింది. "నోట్సు ఉండింటే నేనూ దీపమే రాసుందును సార్."

నవ్వు రాలేదు. ఆ పిల్ల తరగతిలోని నలభైమందిలో ఆ పద్యం చదివే అవకాశం నేను ఇవ్వనిది ముప్పైతొమ్మిదిమందికి. దక్కిన ఒక్కతెకూ ఏనుగుల వల్ల దక్కింది.

సోమవారం మదనపల్లెలో మా పిల్లలకు దీపం లేదని చెప్పాను. ముందు బెంచీలో ఒకడు, "దీపం తీసేస్తే ఆన్సరు పొట్టిదైపోతాది సార్" అన్నాడు. నిజమే. పుస్తకం తెరిచి పద్యం చదివించాను. ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో ఆ పద్యం నుంచి ప్రశ్న రాలేదు. మంజుల ఇంగ్లీషులో అత్తెసరు మార్కులతో పాసై కుప్పంలో ఇంటర్మీడియట్‌లో చేరిందని మునిరత్నం చెప్పాడు.

మిగిలిన రెండేళ్లూ నోట్సు మానలేదు. పరీక్ష ఉన్నంతకాలం పిల్లలకు నోట్సు కావాలి. వరస మాత్రం మార్చాను, ముందు పుస్తకం, తర్వాతే నోట్సు. ఈ ఉదంతం నేర్పింది అంతే. ఆ పాత నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దీపం ఉన్న వాక్యం మీద ఒకే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ పెట్టాను. పాతది చదవడానికి వీలుగానే ఉంది.