ఎడమ భుజం అరంగుళం

వీధిలో అందరికీ ఆయన కత్తెర మాస్టారు. యాభై ఏళ్ళుగా అదే కొట్టు, అదే కుట్టుమిషను. అద్దం ముందు నిలబడ్డ మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూశాడంటే టేపు పని సగం అయిపోయినట్టే. కబుర్లు మొదలుపెడితే ఒక పట్టాన ఆపడు. భార్య ఊసెత్తితే మాత్రం డబ్బాలోంచి నాలుగు గుండుసూదులు తీసి పెదవుల మధ్య బిగబట్టేస్తాడు. నోట్లో సూదులున్న మనిషిని మాట్లాడమని ఎవరు మాత్రం బలవంతపెడతారు?

కూతురికి ఆ ఎత్తు బాగా తెలుసు. తల్లి పోయేనాటికి తనకి మూడేళ్ళు. ముఖం గుర్తులేదు, గొంతు గుర్తులేదు, ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు. పదేళ్ళప్పుడు అడిగింది, పెళ్ళి కుదిరినప్పుడు అడిగింది, తనకి ఆడపిల్ల పుట్టాక అడిగింది. ప్రతిసారీ సూదులే. ఒళ్ళు మండేది. అంతలోనే ఆయన కళ్ళు తడవడం చూసి ఊరుకునేది. ఇప్పుడాయనకి డెబ్బై ఎనిమిది. నాన్నతోపాటు అమ్మ కూడా ఇంకోసారి పోతుందేమోనని ఈ మధ్య ఆమెకి దిగులు పట్టుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం కూతురితోపాటు కొట్టుకి వచ్చిన మనవరాలు కొత్త గౌను తొడుక్కుని చూసుకుంటోంది. పదహారేళ్ళ పిల్ల, మాట పడే రకం కాదు. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి మూతి ముడిచింది.

"తాతయ్యా, ఎడమ భుజం జారిపోతోంది."

"నువ్వే వంకరగా నిలబడ్డావు. నిటారుగా ఉండు."

"నిటారుగానే ఉన్నా. నీ గౌనే వంకర."

మాస్టారు రుసరుసలాడుతూ టేపు తీశాడు. ఎడమ భుజం సరిగ్గా అరంగుళం దిగువకి కోసి ఉంది. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. తేడా లేదు.

"దీనికి కొలతలు తీశావా నాన్నా?" అంది కూతురు.

"లేదమ్మా. చూసి కోసేశాను. అచ్చం ఆవిడలాగే నిలబడితేనూ, చెయ్యి దానంతటదే పోయింది."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. చెయ్యి సూదుల డబ్బా వైపు వెళ్ళింది. కూతురు డబ్బా తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు నాన్నా."

ఆయన కాసేపు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు.

"మీ అమ్మకి ఆ భుజం అరంగుళం దిగువ. పెళ్ళినాటికి లేదు. నువ్వు పుట్టాకే వచ్చింది. నిన్నెప్పుడూ ఆ చంకనే వేసుకు తిరిగేది. వంట చేస్తున్నా నువ్వక్కడే. దించవే, పిల్ల నడవడం నేర్చుకోవాలి అంటే చెవిన పెట్టేది కాదు. పైగా జాకెట్టు జారుతోందని నా మీద సణుగుడు. చివరికి నేనే ఆ పక్క దించి కుట్టడం మొదలెట్టాను."

తల్లి ముఖం కూతురికి ఇప్పటికీ గుర్తురాలేదు. కానీ ఆ అరంగుళం తన బరువేనని తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది.

"ఇటివ్వు, విప్పి సరిచేస్తాను," అన్నాడు మాస్టారు మనవరాలితో.

"తర్వాత చేద్దువుగానిలే. అమ్మమ్మ నవ్వితే ఎలా ఉండేది?"

ఆయన చెయ్యి అలవాటు కొద్దీ బల్లంతా తడిమింది. డబ్బా లేదు. కూతురు దాన్ని రెండు చేతులా పట్టుకు కూర్చుంది.

"ఏం చెప్పను. నేనేదో తమాషా కథ ఎత్తుకుంటే సగంలోనే నవ్వేసేది. ఒక్కటీ చివరిదాకా చెప్పనివ్వలేదు," అంటూ కుర్చీ వాళ్ళ దగ్గరికి లాక్కున్నాడు.