భవానీపూర్ గోతిలో ఇసుక చీలిక

ఉదయం ఏడు కాకముందే సుజాత ఫోన్ చేసింది. ఖిదిర్‌పూర్ రేవు కార్మికుల ఇంటి పిల్ల. నా దగ్గర భూగర్భశాస్త్రం చదివి, ఇప్పుడు పునాదుల మట్టి పరీక్షించే ఉద్యోగం చేస్తోంది. భవానీపూర్‌లో అపార్ట్‌మెంటు కోసం తవ్విన గోతి గోడలో పొరలు చెదిరి కనిపిస్తున్నాయట. మధ్యాహ్నానికల్లా కాంక్రీటుతో కప్పేస్తారట.

లిలువాలో 8.10కి లోకల్ ఎక్కాను. పక్కనున్న పెద్దావిడ నా సంచిలోంచి పైకి కనిపిస్తున్న తాపీ చూసి మేస్త్రీ పనా అని అడిగింది. మట్టి చూడటానికి భవానీపూర్ వెళ్తున్నానన్నాను. "మట్టి సూడ్డానికి బవానీపూర్ దాకా ఎల్లాలేటమ్మా?" అని జాలిపడింది. హౌరాలో మెట్రో పట్టుకుని, ఎస్‌ప్లనేడ్‌లో మారి, వీధిలో నాలుగు కచోరీలు తిని, తొమ్మిదిన్నరకు చేరాను.

సుజాతా నేనూ వెదురు నిచ్చెన మీద గోతిలోకి దిగాం. తాపీతో గోడ చెక్కగానే విషయం తేలిపోయింది. కింద తడి ఇసుక, పైన బూడిదరంగు బంకమన్ను. ఆ ఇసుక బంకమన్నును చీల్చుకుని పైకి తన్నుకొచ్చి ఉంది. భూమి గట్టిగా ఊగితే నీళ్ళు నిండిన ఇసుక జావలా మారి ఇలాగే ఎగదన్నుతుంది. పై బరువుకు కూడా పొరలు చెదరవచ్చు కనుక ఎదుటి గోడా చూశాను. అదే ఎత్తులో అలాంటి చీలికలే. వాటి పైపొరలు మాత్రం చాప పరిచినట్టు చదునుగా ఉన్నాయి. ఆ పైమట్టి చేరకముందే, ఏ కాలంలోనో, ఇక్కడ భూమి కంపించిందన్నమాట.

ఎప్పటిదో తేల్చడానికి ఒక్కరోజు పని ఆపమన్నాను. సైటు మేనేజరు నవ్వాడు.

"పాత మురుగుకాలవ, దిదీ. కొనేవాళ్ళను భయపెట్టకండి."

మురుగు కింది నుంచి పైకి పారుతుందా అని అడిగాను. అతను సుజాత నివేదికలో ఈ సంగతి రాసిన పేజీ తీసేసి, మిగతా కాగితాలు సంతకానికి ఆమె ముందు పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొనేవాళ్ళకు పూజగది ఏ దిక్కో చెబుతారు, కారు ఎక్కడ పెట్టాలో చెబుతారు. కాళ్ళ కింది నేల ఒకప్పుడు జావైపోయిందని మాత్రం చెప్పరు.

"ఆ పేజీ లేకపోతే నా సంతకం లేదు, దాదా," అంది సుజాత మేనేజరుతో. పెన్ను అందుకోలేదు.

పదకొండున్నరకే కాంక్రీటు లారీ వచ్చింది. డబ్బాలో కాస్త మట్టి నింపుకుని పైకెక్కేసరికి పోత మొదలైంది. మెట్రో మెట్ల మీద నిలబడి సుజాత ఆ పేజీనీ, గోతిలో తీసిన ఫోటోలనూ తన పేరుతోనే మున్సిపల్ కార్పొరేషన్‌కు పంపింది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదంది.

తిరుగు లోకల్లో మట్టి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. భూకంపం మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినదాన్ని సిమెంటు వేసి పూడ్చడం తప్పు. మీ వీధిలో ఎక్కడైనా పునాది తవ్వుతుంటే ఒకసారి వెళ్ళి గోడ చూడండి. వద్దనేవాళ్ళుంటారు. అయినా దిగండి.