దొరసాని గొర్రెలు

మొన్న ఇంటికి రంగులు వేయించాం. పని అంతా అయ్యాక రంగుల మేస్త్రీ హాల్లో ఉండే పెద్ద బొమ్మను చంకలో ఇరికించుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, దీనికి మీదేది, కిందేది?" అని అడిగాడు. బెండకాయలు తరుగుతున్నదాన్ని తల ఎత్తకుండానే, "ఎట్లన్న వెట్టు బాబూ" అన్నాను. నాలుగు రోజులయ్యాక మా కోడలు టీ తాగుతూ చూసి అది తలకిందులుగా ఉందని కనిపెట్టింది. ఆ బొమ్మ వేసింది నేను. నాకే తెలియలేదు. పైగా అలా కూడా బాగానే ఉందనిపించింది. నా చేతిపని మీద నాకెప్పుడూ చిన్నచూపు లేదు. ఆ బొమ్మ వేసిన రోజుల్లో మాత్రం మా ఇంట్లో నన్ను నమ్మిన మనిషి నేనొక్కదాన్నే.

అరవైల నాటి మాట. బాపు, అంటే మా నాన్న, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసేవాడు. ఫ్యాక్టరీకి దగ్గర్లోనే మా పెంకుటిల్లు. చెరకు ఆడే నెలల్లో ఊరంతా కాగుతున్న బెల్లంలా వాసన వేసేది, ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి రాలేది. నాకు ఇరవై ఏళ్ళు. బాలికల బడిలో డ్రాయింగు టీచరుగా కొత్తగా చేరాను, ప్రపంచంలో నాకు రాని గీత లేదనుకునేదాన్ని. ఇంట్లో అమ్మ, బాపు, నేను, మేమంతా అవ్వ అని పిలిచే మా నాయనమ్మ. అవ్వ చిన్నప్పటి నుంచీ నిజామాబాద్‌లో మిషన్ బంగ్లాలో పనిచేసింది. అక్కడి తెల్లదొరసాని ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ, తీసుకుపోవడం కష్టమని గోడ మీది పెద్ద పటాన్ని అవ్వకు ఇచ్చేసింది. సగం మంచమంత పటం. టేకు చట్రం, అద్దం, లోపల పచ్చిక కొండ, చెరువు, పదకొండు గొర్రెలు. ఆ గొర్రెల ఒళ్ళు చూస్తే అవి కూడా రోజూ సబ్బుతో స్నానం చేస్తాయేమో అనిపించేది. మా వైపు గొర్రెలకు అంత వైభోగం లేదు.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆ పటం కిందే జరిగేది. ప్రతి శనివారం అవ్వ స్టూలెక్కి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి అద్దం తుడిచేది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు, "దొరసాని ఇచ్చింది" అని చూపించేది. కొన్నాళ్ళకు ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మి స్టూలెక్కడం మానేసింది. అప్పటి నుంచీ నేను బడి నుంచి రాగానే అదే ప్రశ్న: "గొర్రెలు మంచిగున్నయా బిడ్డా?" నేను, "మేస్తున్నయవ్వా" అనేదాన్ని.

ఆ ఏటి వానల్లో కోతులు పెంకులు జరిపాయి. గోడ వెంట కారిన నీళ్ళు అద్దం వెనక్కి చేరి అక్కడే మగ్గాయి. మేం చూసేసరికి కొండకు బూజు పట్టింది, చెరువు ఒలికిన టీ మరకలా ఉంది, పదకొండు గొర్రెల్లో ఒక్కదానికీ మొహం లేదు. అవ్వకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను యథాప్రకారం, "మేస్తున్నయవ్వా" అంటూనే ఉన్నాను. అంతలో నిజామాబాద్ దవాఖానలో కంటి ఆపరేషన్‌కు రమ్మన్నారు, రెండు వారాలు అక్కడే ఉండాలన్నారు. బస్సెక్కేముందు అవ్వ నా చెయ్యి పట్టుకుని, "కండ్లొచ్చినంక మొదలు దొరసాని గొర్రెలనే సూస్త" అంది.

మొదట నేను చేయాలనుకున్నది మరమ్మతే, అందులో నా తప్పేమీ లేదు. అద్దం తీసేసి, బడి రంగులతో గొర్రెలకు మొహాలు దిద్దడం మొదలుపెట్టాను. మొదటిది కుక్కపిల్లయింది. రెండోదాన్ని బాపు వంగి వంగి చూసి, "గిది గొర్రెనా, దూది బస్తానా?" అని అడిగాడు. మూడు రోజులు దిద్దినకొద్దీ పాడయింది. నాలుగో రోజు పొద్దున నాకు కోపమొచ్చి, సున్నంలో తుమ్మబంక కలిపి కొండా చెరువూ గొర్రెలూ అన్నిటి మీదా ఈ చివరి నుంచి ఆ చివరికి పూసేశాను. అమ్మ చీపురు పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయి, "ఓ యేసయ్యా, గిదేం పని వెట్టినవే!" అంది. తెల్లటి అట్టను చూస్తే మాత్రం నాకు భయం పోయి ఉత్సాహం వచ్చింది. అంతకుముందు ఒక వారపత్రికలో కొత్తరకం బొమ్మ అచ్చయితే బడిలో అందరం నవ్వుకున్నాం. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, రంగులున్నాయి అంతే. ఆ నవ్విన నేనే ఇప్పుడు అలాంటిది వేద్దామని కూర్చున్నాను.

అంత పెద్ద అట్టకు బడి రంగులు ఏ మూలకి? అరుగులకు పూసే ఎర్రమట్టి జాజు, బట్టలకు పెట్టే నీలిమందు, దీపం మసి, నందిపేట నుంచి తెచ్చిన పసుపు, ఇవీ నా రంగులు. నడుమ పండిన వరిమడిలాంటి పసుపుపచ్చ రావాలని, పసుపు కాస్త చిక్కబడేందుకు సున్నం కలిపి పూశాను. చూస్తుండగానే అది ఎర్రబడింది. నేను కేక పెడితే పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకున్న రైతు భార్య ఆమె. విషయం తెలుసుకుని ముక్కున వేలేసుకుంది. "పసుపులో సున్నం కలిపితే పారాణి కాక ఏమవుద్ది అమ్మాయ్!" మా క్రైస్తవుల ఇళ్ళలో పారాణి పెట్టుకునే అలవాటు లేదు, ఇక నాకెలా తెలుస్తుంది? అయినా ఎరుపు బాగుందనిపించి ఉంచేశాను. ఆ తర్వాత బంక అయిపోయింది. బాపు ఫ్యాక్టరీ నుంచి పశువుల దాణా కోసం తెచ్చిన చెరకు మడ్డి డబ్బా కనబడితే, జిగురే కదా అని దాన్ని నీలిమందులో కలిపాను. ఎంత నిగనిగలాడిందో చెప్పలేను. తెల్లారి చూస్తే బోధన్ చీమలన్నీ దాని మీదే ఉన్నాయి. దులిపేసరికి నీలంలో సన్నటి తెల్లదారులు అడ్డదిడ్డంగా మిగిలాయి. నేను గీస్తే అంత బాగా వచ్చేవి కావు. వాటిని అలాగే ఉంచి, వడ్రంగి దగ్గర్నుంచి వార్నిష్ తెచ్చి పూసి, అద్దం లేకుండానే అదే టేకు చట్రంలో బిగించి గోడకు పెట్టేశాను.

అవ్వ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని ఇల్లు చేరింది. కళ్ళద్దాలు రావడానికి ఇంకో నెల. ఆ నెలంతా ఆమె ఆ బొమ్మ కిందే ప్రార్థన చేసింది, రోజూ గొర్రెల క్షేమం అడిగింది, నేను రోజూ అబద్ధం ఆడాను. బాపు నన్ను పెరట్లోకి పిలిచి, "కండ్లల్ల నీళ్ళు రావద్దని డాక్టరు మరీ మరీ చెప్పిండు. గది జూసి అవ్వ ఏడ్సిందనుకో, కన్ను ఖరాబైతది. గప్పుడేం జేస్తం?" అన్నాడు. బొమ్మ బాగుందన్న నమ్మకం ఉంది గానీ, దానికోసం ఆమె కన్ను పోతే ఏం చేసుకోను?

కళ్ళద్దాలు వచ్చిన రోజు పొద్దున అవ్వ వాటిని పెట్టుకుని, మా మొహాలైనా చూడకుండా నేరుగా గోడ దగ్గరికి నడిచింది. వేలితో ఎర్రమడిని తడిమింది, నీలంలో చీమల దారి వెంట వేలు నడిపింది.

"గొర్రెలేవి?" అంది.

"పోయినయవ్వా. వానకు ఖరాబైనయి. నేనే గిట్ల రంగులేసిన. నీకు అబద్ధం చెప్పిన." బాపు భుజం మీది తువ్వాలు తీసి సిద్ధంగా పట్టుకున్నాడు.

అవ్వ అలవాటుగా చట్రం అంచు మీద వేలు రాసి చూసుకుంది. "పెండ్లి గాక ముందుకెల్లి తుడుస్తున్న గొర్రెలు," అంది. "ఒక్క మరక ఉంటె దొరసాని వేలు వెట్టి సూపిచ్చేది. ఆమె వోయినంక గూడ, ఎన్నడన్న మల్లొచ్చి 'ఏది నా బొమ్మ' అని అడుగుతదేమోనని తుడుసుకుంటనే ఉన్న. ఇగ రానియ్. వచ్చినా గుర్తువట్టది."

అని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే, అద్దాలు జారిపోతుంటే బాపు పట్టుకోవాల్సి వచ్చింది. డాక్టరు ఏడవొద్దన్నాడు గానీ నవ్వొద్దని చెప్పలేదు. మేమంతా అన్నేళ్ళూ ఆ శనివారాల తుడుపును ప్రేమ అనుకున్నాం, అది భయమని ఎవరికీ తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, నేను ఏడ్చాను కూడా, నన్ను ఏ డాక్టరూ వద్దనలేదు కనుక. ఆ తర్వాత అవ్వ బతికినన్నాళ్ళూ ఆ బొమ్మను గుడ్డ పెట్టి తుడవలేదు, దుమ్ము పట్టినా పట్టించుకోలేదు. ఆ పటం మా గోడ మీదికి వచ్చి అప్పటికి ముప్పై ఏళ్ళు, మా ఇంటిదైంది మాత్రం ఆ పొద్దుటే.