ఛాంపియన్ మావయ్య ముక్కు

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్‌లో కొలతకు లొంగనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. కొలిమి వేడికి ఒక కొలత, ఇనప రేకు మందానికి ఒక కొలత, చివరికి మనిషి టీ తాగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో దానికీ ఒక కొలత. ఆ ఆఖరి కొలత నా చేతిలో ఉండేది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఇరవైమూడేళ్ళ వయసులో, ఒక ఫ్యాక్టరీలో వర్క్ స్టడీ ట్రైనీగా చేరాను. వర్క్ స్టడీ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పనిచేసేవాడి పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి, వాడి కదలికల్లో పనికొచ్చేవెన్ని, పనికిరానివెన్ని అని అట్టమీద కాగితం పెట్టి రాసుకుని, వాడిచేత తిట్లు తినడం. (నా భోజ్‌పురి అంతా అలా నేర్చుకున్నదే.) ఆ వాచీ చేతికొచ్చాక నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఇంట్లో అమ్మ ఉప్మా చేస్తుంటే పక్కన నిలబడి, "పోపులడబ్బా కోసం నాలుగుసార్లు చెయ్యి చాపేవమ్మా, అందులో రెండు వృథా" అన్నాను. "ఆ రెండూ నీ ఈపు మీద ఏయకముందే బయటికి నడు" అంది అమ్మ. నడిచాను. కాని బుద్ధి రాలేదు.

ఛాంపియన్ మావయ్య నాకు నిజం మావయ్య కాదు. లోకో షెడ్డులో నాన్నతోపాటు పనిచేసి రిటైరైన బాయిలర్ల మేస్త్రీ. మనిషి తలుపంత ఉండేవాడు. దొరల కాలంలో వరసగా మూడేళ్ళు రైల్వే బాక్సింగ్ పోటీల్లో హెవీవెయిట్ ఛాంపియన్. సీతారాండేరాలో వాళ్ళింటి ముందుగదిలో నల్ల నిక్కరు, మెడలో దండ, చేతిలో కప్పుతో ఆయన ఫొటో ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా అత్త ముందు ఆ ఫొటో చూపించి, తరవాతే మంచినీళ్ళిచ్చేది. రిటైరయ్యాక ఆయన రోజూ సాయంత్రం మా ఫ్యాక్టరీ క్లబ్బు రేకుల షెడ్డులో అప్రెంటిస్ కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పేవాడు. అదే ఆయనకి ఊపిరి. వానకి షెడ్డు మూతపడిన రోజు, "ఒంట్లో బాగులేదు" అని దుప్పటి కప్పుకుని పడుకునేవాడు.

అలాంటి సమయంలో పంజాబ్ వెళ్ళి ఆరు నెలలు శిక్షణ పొంది, సర్టిఫికెట్టుతో ఒక కొత్త కోచ్ దిగాడు. ఉన్నది ఒక్కటే షెడ్డు, అందులో ఇద్దరు గురువులు ఎలా? క్లబ్బు సెక్రటరీ నన్ను పిలిచి, "బుడ్ఢా ఆద్మీ అచ్ఛా హై. లేకిన్ మోడర్న్ స్టాండర్డ్ సే కైసా హై? తుమ్ సైంటిఫిక్ ఆద్మీ హో, లిఖ్ కే దో" అన్నాడు. ముసలాయన మంచివాడేగాని నేటి ప్రమాణాలతో చూస్తే ఏపాటివాడో, సైంటిఫిక్ మనిషివి కాబట్టి నువ్వు రాసివ్వమని. సైంటిఫిక్ ఆద్మీ అన్న ఆ ఒక్కమాటకి నేను బూరెలా పొంగిపోయాను. నేను బాగులేదని రాస్తే మావయ్యకి షెడ్డు ఉండదని తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. ఇరవైమూడేళ్ళ వయసులో నిష్పక్షపాతం అంత రుచిగా ఉంటుంది. మావయ్యకి చెబితే బాధపడతాడనుకున్నాను. ఆయన మీసం దువ్వుకుని, "రాయి నాయనా, రాయి. ఇంతవరకూ నా మీద ఎవుడూ ఏటీ రాయలేదు" అన్నాడు.

లైబ్రరీ నుంచి ఇంగ్లీషు బాక్సింగ్ పుస్తకం ఒకటి తెచ్చి, మూడు సాయంత్రాలు షెడ్డులో కూర్చుని పరిశీలించాను. పుస్తకం ప్రకారం పిడికిళ్ళు గడ్డం దగ్గరుండాలి. మావయ్యవి బొడ్డు దగ్గర, పంచె ముడి జారిపోతుందేమోనని పట్టుకున్నట్టు ఉండేవి. ఎడమచేత్తో చిన్నచిన్న దెబ్బలతో ఎదుటివాణ్ణి దూరంగా ఉంచాలని పుస్తకం. మావయ్యకి అలాంటి చిల్లర వ్యవహారం లేదు. రోకలి ఎత్తినట్టు కుడిచెయ్యి వెనక్కి ఎత్తేవాడు, అది తిరిగి కిందికొచ్చేలోగా అవతలివాడు బూటు లేసు కట్టుకోవచ్చు. గంటలో పదకొండు నిమిషాలు నిక్కరు పైకి లాక్కోవడానికి, తొమ్మిది నిమిషాలు మీసం సర్దుకోవడానికి పోయాయి. ఏదైనా చేసి చూపించాక నావైపు తిరిగి, "ఎలాగున్నాది అల్లుడూ?" అనేవాడు. "రాస్తున్నాను మావయ్యా" అనేవాణ్ణి. ఆ జవాబు ఆయనకి చాలా గౌరవంగా తోచేది.

ఇక్కడే నాకో చిక్కొచ్చింది. నా లెక్క ప్రకారం ఈయన మొదటి రౌండులోనే మట్టికరవాలి. కాని మూడేళ్ళ ఛాంపియన్. పైగా ఆ ముక్కు. బాక్సర్ల ముక్కులు ఎలా ఉంటాయో తెలుసు కదా, కొత్త కోచ్ ఎటు తిరిగి నిలబడినా అతని ముక్కు మాత్రం ఊరి పక్క జుగ్సలాయి పేట వైపే చూసేది. మావయ్యదేమో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పళ్ళు ముప్పైరెండూ ఉన్నాయి, చెరుకుగడ కొరికి తింటాడు. రోజంతా ఆలోచించి, సైంటిఫిక్ ఆద్మీని కాబట్టి, ఒక నిర్ణయానికి వచ్చాను. దెబ్బ తగలకుండా తప్పుకునే విద్య ఏదో ఈయన దగ్గర ఉంది, అది పుస్తకాలకి ఎక్కలేదు, ఈయనతో అంతరించిపోబోతోంది. దానిమీద మూడు పేజీలు రాశాను. రాసినకొద్దీ నాకే ఒళ్ళు జలదరించింది.

ఇక దాన్ని కళ్ళారా చూడాలి. అడిగితే మావయ్య, "అదంతా ఎందుకు నాయనా, పకోడీ తిను" అని మాట మార్చేవాడు. గురువులు రహస్యాలు అంత తేలిగ్గా చెప్పరని సరిపెట్టుకుని పకోడీ తిన్నాను. చివరికి ఒక ఆదివారం పొద్దున వాళ్ళ పెరట్లో ఆయన్ని పట్టుకుని నిలబెట్టి, చేతులకి గ్లవ్స్ కట్టుకున్నాను. "నేను కొడతాను, మీరు తప్పుకోండి, చాలు" అన్నాను. అప్పుడు నా బరువు బూట్లతో కలిపి యాభై ఒక్క కిలోలు. ఆయన చేతులు బొడ్డు దగ్గర పెట్టుకుని, బలిపీఠం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టాను. మెత్తగా ఏదో తగిలింది. కళ్ళు తెరిచేసరికి ఛాంపియన్ మావయ్య బట్టలుతికే రాయి మీద కూలబడి ఉన్నాడు. ముక్కులోంచి రక్తం.

నేను గ్లవ్స్ పళ్ళతో లాగి పారేశాను. ఆయన మాత్రం వేలితో ముక్కు తడిమి చూసుకుని, "తగిలీసింది" అన్నాడు ఆశ్చర్యంగా. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. తువ్వాలు తడిపి ఇచ్చాను. "అల్లుడూ, ఒక నిజం సెప్తాను, ఎవుడికీ సెప్పకు. నా బతుకులో ఈ ముక్కు మీద పడ్డ మొదటి దెబ్బ ఇదే."

"మరి మూడేళ్ళ ఛాంపియన్?" అన్నాను.

"ఎదురు ఎవుడూ రాలేదు నాయనా. ఆ రోజుల్లో మన లైనులో నా అంత బరువు తూగినోడు ఎవుడున్నాడు? అందరూ నీలాటోళ్ళే. దొర నన్ను సూసి ఈడు హెవీవెయిట్ అని రాసీసినాడు. నిక్కరేసుకుని రింగులో నిలబడ్డాను. గంట కొట్టినారు. అవతలోడు లేడు. నా సెయ్యెత్తి దండేసీసినారు. వద్దంటే దొరకి కోపం వత్తాది కదా. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే."

"నాలుగో ఏడు?"

"ఖరగ్‌పూర్ నుంచి ఒక గార్డు వచ్చినాడు. నాకు మోకాలు నొప్పి."

"అబద్ధం నొప్పా?"

"సీ, అబద్ధం కాదు. ఆడి సేతులు సూడగానే మొదలయినాది."

ఇద్దరం పడిపడి నవ్వాం. నవ్వు ఆగాక ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తకి తెలీదు. పెళ్ళయిన కొత్తలో ఆ దండతో ఇంటికొత్తే లైనంతా తిరిగి సెప్పుకున్నాది. అప్పుడేటి సెప్తాను? తరవాత మాత్రం ఏటి సెప్తాను? షెడ్డు పోతే పోనీ నాయనా. ఆ మాటొక్కటీ రాయకు." షెడ్డు పోతే పోనీ అన్నప్పుడు ఆయన గొంతు పోనీ అన్నట్టు లేదు. నాకు మొదటిసారి నా వాచీ మీద, నా అట్టమీద, నా మీద అసహ్యం వేసింది.

అప్పుడే ఆయన తువ్వాలు చాటునుంచి, "నీ సెయ్యి రావడం సూసినాను. ముందు నువ్వు కళ్ళు మూసుకున్నావు, తరవాత భుజం లేచినాది, ఆనక సెయ్యి. తప్పుకోవాలని నాకు తెలుసు. ఒంటికే తెలీదు" అన్నాడు. ఎలా తెలుసని అడిగాను. "ఛాంపియనని రింగు పక్కన కుర్చీ ఏసీవోరు. పన్నెండేళ్ళు అందులో కూకుని అందరి దెబ్బలూ సూసినాను. సూడ్డమే వచ్చు నాకు." అంత తెలివైనవాణ్ణి, వారం రోజులుగా కొలవవలసింది వదిలేసి ఆయన నిక్కరు కొలిచానని నాకు అప్పటికి తట్టింది. మూడు పేజీల ప్రాచీన విద్యని పొయ్యిలో పెట్టి, మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. ఇద్దరు అప్రెంటిస్‌లని కొట్టుకోమని, మావయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, రాబోయే దెబ్బ ఏదో ముందే చెప్పమన్నాను. ఇరవై దెబ్బలు చెబితే పదిహేడు అలాగే వచ్చాయి. మిగతా మూడింటిని, "ఆడు కొట్టబోయి మానీసినాడు" అన్నాడు. కుర్రాణ్ణి అడిగితే, "హాఁ చాచా, డర్ గయా థా" అని, భయపడ్డమాట నిజమేనని ఒప్పుకున్నాడు.

కమిటీ సమావేశం రోజు మావయ్యని వెంటబెట్టుకెళ్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లోపల ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. అత్త వసారాలో నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"బావూ, ఎదురు ఎవుడూ రాలేదని రాసినావేటి?"

నేను చేతిలో ఉన్న రిపోర్టు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"మూడో ఏడు పోటీకి సంకలో పిల్లనెత్తుకుని ఎల్లినాను. ఆడోళ్ళు రాకూడదంటే బొగ్గు బుట్టల ఎనకాల నిలబడి సూసినాను. ఎవుడొచ్చి కొడతాడో అని ఒక్కడూ బిక్కుబిక్కుమంటా నిలబడ్డాడు పాపం. ఎవుడూ రానందుకు అమ్మోరికి కొబ్బరికాయ కొట్టినాను. నాకు తెలుసని ఆయనకి తెలీదు. సెప్పకు."

"చెప్పనత్తా" అన్నాను. ఇంతలో మావయ్య బయటికొచ్చి, "ఏటి మాటాడుకుంటన్నారు?" అన్నాడు. "మీ గురించేటి కాదు, బెండకాయల గురించి" అంది అత్త.

సమావేశంలో నా రిపోర్టు చదివారు. సొంత నైపుణ్యం: వయసు రీత్యా పరీక్షించలేదు. (ఇది అబద్ధం. పరీక్షించాను. అప్పటికి వాపు దిగిపోవడం నా అదృష్టం.) చూపు: ఇరవైకి పదిహేడు. కొత్త కోచ్ నమ్మలేదు, అతని తప్పు కూడా లేదు. అందర్నీ షెడ్డుకి నడిపించి, తనే గ్లవ్స్ వేసుకుని ఒక అప్రెంటిస్‌తో దిగాడు. మావయ్య స్టూలు మీద కూర్చుని, కుడి, ఎడమ, మళ్ళీ ఎడమ అని నెమ్మదిగా చెబుతూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. కోచ్ ఆగి చూశాడు. మావయ్య మొహమాటపడుతూ, "మాస్టర్‌జీ, ఆప్‌కా బాయాఁ పైర్ పహలే బోల్ దేతా హై" అన్నాడు. మీ ఎడమకాలు ముందే చెప్పేస్తోందని. కోచ్ తన ఎడమకాలి వంక కొంతసేపు చూసుకున్నాడు. తరవాత ఆఫీసు గదిలోకి వెళ్ళి, సెక్రటరీ కూర్చునే చేతుల కుర్చీ తనే మోసుకొచ్చి రింగు పక్కన వేశాడు. నేను ఆ ఊరు వదిలేదాకా మావయ్య సాయంత్రాలు ఆ కుర్చీలోనే గడిచాయి. నేర్పడం కోచ్ పని, చూడడం మావయ్య పని.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆయన రహస్యం ఆవిడకి పొక్కకుండా, ఆవిడ రహస్యం ఆయనకి పొక్కకుండా వాళ్ళింట్లో ఎన్ని పకోడీలు తిన్నానో లెక్కలేదు. నాకూ మావయ్య ఆనాటి వయసు దాటింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో నలుగురు చేరినప్పుడూ, మనవల ముందూ, "నేనొకప్పుడు హెవీవెయిట్ ఛాంపియన్ని ఒక్క దెబ్బతో కూలబెట్టాను" అని చెబుతుంటాను. అందులో అక్షరం అబద్ధం లేదు. మా ఆవిడ నలభై ఏళ్ళుగా ఆ కథ వింటూనే ఉంది. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, పిల్లలతో, "మీ తాత అప్పట్లో అలాగే ఉండీవోరు" అంటుంది. ఆ ఛాంపియన్ ఎవరు, దెబ్బ ఎక్కడ తగిలింది అని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. మొన్న గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆవిణ్ణి అత్త దగ్గర వదిలి నేను డ్యూటీకి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ వసారాలో కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. ఏమిటని అడిగితే, బెండకాయల గురించి అన్నారు.