ముహూర్తాలకు మొరాయించిన వైఫై

2024 మాఘమాసం. గజపతినగరం మెయిన్ రోడ్డులో నా కంప్యూటర్ రిపేరు కొట్టుకి అప్పటికి పద్నాలుగేళ్లు. మా దగ్గరికి ఎక్కువగా పాత కంప్యూటర్లే వస్తాయి. కొత్తది కొనుక్కోండి అని చెప్పడానికి నాకు నోరు రాదు. పదేళ్ల నాటి డబ్బాకైనా లైనక్స్ ఎక్కించి నడిపించేస్తాను. లైనక్స్ అంటే ఏ ఒక్కరి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టం, దాని గుర్తు పెంగ్విన్ పక్షి. ఊరుమ్మడి బావి లాంటిది, ఎవరైనా తోడుకోవచ్చు, పాడైతే ఎవరైనా బాగుచెయ్యొచ్చు. దాన్ని పల్లెత్తు మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కేసు నాలుగు రోజులు ఆలస్యం కావడానికి ఆ మంటే కారణమని ముందే ఒప్పేసుకుంటున్నాను.

మా వీధి చివర సత్యవతమ్మ గారి గిన్నెల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటినీ కలుపుతూ పొడుగాటి నడవ. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడే గల్లా దగ్గర కూర్చుని కొట్టు నడుపుతున్నారు. కొడుకు సరుకు కోసం ఊళ్లు తిరుగుతుంటాడు. కోడలు స్వాతిది నౌపడ, ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు లెక్కలు చెప్పే పని దొరికింది. నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటారట.

ఇంట్లో మూలనపడి ఉన్న కంప్యూటర్‌కి ఆ పని కోసం నేనే లైనక్స్ ఎక్కించాను. దానికి వైఫై లేదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్ ఇచ్చాను. బొటనవేలంత ఉంటుంది. సీపీయూ వెనక గుచ్చితే గాల్లో వచ్చే నెట్‌ని అందుకుంటుంది. నెట్ ఇచ్చే రౌటరేమో ముందు కొట్టులో, వీధివైపు గోడకు ఉంది. స్వాతి గది నడవకు వెనక చివర.

రెండు వారాలు తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

"అన్నయ్యా, క్లాసు మధ్యలో నా బొమ్మ నోరు తెరుసుకుని అలగే ఆగిపోతన్నాది. పిల్లలు నవ్వుతన్నారు. రెండు కంప్లైంట్లు ఎళ్లిపోయాయి. ఇయాల్టికి ఐదో రోజు కంపెనీ ఆవిడ నా క్లాసు కూకుని సూస్తారంట. అప్పుడూ ఇలగే అయితే తీసేస్తారు."

మధ్యాహ్నం ఒంటిగంటకు నా కొట్టు మూసి వెళ్లాను. గల్లా దగ్గర్నుంచి సత్యవతమ్మ గారు స్వాగతం పలికారు.

"ఏటి సింహాచలం, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని, అందరిళ్లలో ఉన్నది ఎయ్యకుండా ఈ పెంగ్విన్ బొమ్మది ఎందుకెట్టినావు?"

నాకు చెవులు ఎర్రబడ్డాయి. "పిన్నీ, దాని తప్పేం లేదు. నేను చూస్తాను కదా" అని లోపలికి నడిచాను. అక్కడే మొదలైంది నా తప్పు. జబ్బు ఏమిటో కనుక్కోవడానికి కాదు, లైనక్స్ నిర్దోషి అని నిరూపించడానికి కూర్చున్నాను.

మొదట పవర్ సేవ్ చూశాను. కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ని మధ్యమధ్యలో కునుకు తీయించే ఏర్పాటు అది. తీసేశాను. తర్వాత డ్రైవర్. అంటే కంప్యూటర్‌కీ అడాప్టర్‌కీ మధ్య దుబాసీ. ఉన్నది పాతకాలపు దుబాసీ, దాన్ని మార్చి కొత్తది పెట్టాను. స్పీడు కొలిస్తే బ్రహ్మాండంగా ఉంది. స్వాతి చప్పట్లు కొట్టింది. నేను వెళ్తూ వెళ్తూ గల్లా దగ్గర ఆగి, "చూశారా పిన్నీ" అన్నాను కూడా.

సాయంత్రం ఆరూ ఇరవైకి ఫోన్. "అన్నయ్యా, మళ్లీ అదే."

మర్నాడు ఒంటిగంటకు వెళ్తే నెట్ పరుగులు పెడుతోంది. ఏ పనీ చెయ్యకుండా వెనక్కి రావడం నామోషీ అనిపించి, ఏవో రెండు అప్‌డేట్లు ఎక్కించాను. ఆ సాయంత్రం క్లాసు మంచి నీళ్లు తాగినంత తేలిగ్గా జరిగిపోయింది. ఆ అప్‌డేట్ల మహిమే అనుకుని ఇంట్లో మా ఆవిడకు కూడా గొప్పలు చెప్పుకున్నాను. మూడో సాయంత్రం మళ్లీ పడకేసింది. సాయంత్రమయ్యేసరికి చుట్టుపక్కల వాళ్లంతా ఫోన్లు పట్టుకుంటారు, వాళ్ల వైఫైలు అడ్డొస్తున్నాయేమో అని నాలుగో రోజు రౌటరు ఛానెల్, అంటే అది వాడే రేడియో దారి, మార్చాను. ప్రయోజనం సున్నా.

సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ తన లాగ్‌లో, అంటే తన దినచర్య పుస్తకంలో, పాపం ముందునుంచీ రాస్తూనే ఉంది. మధ్యాహ్నం సిగ్నల్ మైనస్ యాభై, సాయంత్రం మైనస్ ఎనభై రెండు. ఈ లెక్కలో సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. రౌటరు కదల్లేదు, కంప్యూటరు కదల్లేదు, గోడలూ కదల్లేదు. మరి సిగ్నల్ ఎలా పడిపోతుంది? ఆ అంకె తప్పని నేనే తీర్పు చెప్పేశాను.

ఐదో రోజు, అంటే కంపెనీ ఆవిడ క్లాసు చూసే రోజు, మధ్యాహ్నం వెళ్లేసరికి స్వాతి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ పని పోతే కొట్టులో కూకోమంటన్నారు అత్తయ్య. కొట్టులో కూకోడం నామోషీ కాదన్నయ్యా. కానీ ఇది నాది. నాను సదూకున్న సదువు."

నాకు చాలా బాధేసింది. నాలుగు రోజులుగా నేను లైనక్స్ పరువు చూసుకుంటున్నాను తప్ప ఈ పిల్ల పరువు చూడలేదు. తలకాయ దించుకుని, "ఏ రోజు బాగుంది, ఏ రోజు పాడైంది, ఏమైనా గుర్తుందా అమ్మా?" అని అడిగాను.

గుర్తేమిటి, లెక్కల మనిషి కదా, మొదటి క్లాసు నుంచీ నోటుబుక్కులో తారీకుల పక్కన టిక్కులూ ఇంటూలూ పెట్టుకుంటూ వచ్చింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నడవలో పీట మీద కూర్చుని ఆ పేజీ చూస్తూ బుర్ర గోక్కుంటుంటే సత్యవతమ్మ గారు టీ తెచ్చి, కళ్లజోడు సర్దుకుని నా భుజం మీంచి తొంగిచూశారు.

"ఏటిరా, ముహూర్తాలు రాసుకున్నావేటి?"

"ముహూర్తాలా?"

"ఈ ఇంటూ ఎట్టినయన్నీ ముహూర్తానికి ముందురోజులే కదరా."

గోడకున్న పంచాంగం క్యాలెండర్ తీసుకొచ్చి ఒళ్లో పెట్టారు. వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాను. ఇంటూ ఉన్న ప్రతి తారీకుకీ మర్నాడు పెళ్లి ముహూర్తం. టిక్కు ఉన్న వాటికి లేదు. ఒక్కటీ తప్పలేదు.

"పిన్నీ, మూఢం వస్తే మీ వైఫై బాగుపడిపోతుందన్నమాట" అని నవ్వాను.

"నవ్వు, నవ్వు. రేపు పెద్ద ముహూర్తం. ఈపూట ఎల్లకుండా ఇక్కడే కూకో. నీకే తెలుస్తాది."

నాలుగింటికి తెలిసింది.

పెళ్లికూతురితో పంపే సారె సామాన్లకు ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆ కొట్టుకే వస్తారు. గంగాళం, బిందెలు, గుండిగలు, కంచాలు, అన్నీ ఎవరి సెట్టు వారికి ఏరి, పసుపూ కుంకుమా పెట్టి, పురికొసతో కట్టి నడవలో పేరుస్తారు. మర్నాడు తెల్లారాక పెళ్లివారు వచ్చి తీసుకెళ్తారు. ముందురోజు రాత్రి పంపెయ్యొచ్చు కదా అంటే సత్యవతమ్మ గారు లెంపలేసుకున్నారు.

"దీపాలెట్టినాక బొట్టెట్టిన సామాను గడప దాటకూడదురా. లచ్చిందేవి కూడా ఎల్లిపోద్ది. మా అత్తగారి కాణ్నుంచీ ఇదే పద్ధతి."

నేను స్వాతి గదిలో సిగ్నల్ అంకె చూస్తూ కూర్చున్నాను. నడవలో మొదటి గంగాళం దిగింది. మైనస్ యాభై ఆరు. రెండో సెట్టు, అరవై మూడు. ఐదింటికి నడవ నిండా నా ఛాతీ ఎత్తున ఇత్తడి గోడ లేచింది. మైనస్ ఎనభై. వైఫైకి ఇటుక గోడైనా దారిస్తుంది గాని లోహం ఇవ్వదు. రోజూ ఒంటిగంటకు ఖాళీ నడవ చూసి వెళ్లిపోయే పెద్దమనిషికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

అంకెను క్షమాపణ అడగడం తర్వాత, ముందు గంట టైముంది. "పిన్నీ, ఈ ఒక్క రోజుకీ సామాన్లు ఇంకెక్కడైనా..." అన్నాను.

"ఎక్కడెట్టమంటావు, నీ నెత్తిమీదా?"

నిజమే, ఇంకెక్కడా చోటు లేదు. తలెత్తి చూస్తే స్వాతి గది గుమ్మం పైన నడవలోకి తెరుచుకునే వెంటిలేటర్ కనిపించింది. ఇత్తడి గోడ కంటే బాగా ఎత్తు. పరుగున నా కొట్టుకెళ్లి మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చాను. నేలమీద సీపీయూ వెనక దాక్కున్న అడాప్టర్‌ని ఊడబీకి, కేబుల్ చివర తగిలించి, స్టూలెక్కాను. కట్టడానికి తాడు కోసం తడుముకుంటుంటే కింద నుంచి సత్యవతమ్మ గారు పురికొస అందించారు.

"బిగించి కట్టు. బిందెలకి కట్టేది అది, తెగదు."

మైనస్ యాభై మూడు. స్వాతి గట్టిగా ఊపిరి వదిలింది. నేను దిగబోతుంటే ఆవిడ కుంకుమ భరిణె పైకి అందించారు. "దానికీ ఓ బొట్టెట్టు. ఇంక గడప దాటదు." మా బొటనవేలంత అడాప్టర్‌కి జాగ్రత్తగా, ఖాళీల్లోకి పొడి పోకుండా, బొట్టు పెట్టాను.

ఆరుకి ఐదు నిమిషాలుంది. రోజూ ఆ వేళకి గుమ్మంలో దీపం పెట్టడం కోడలి పని. దీపం పెట్టి, చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తి క్లాసులో కూర్చునేది స్వాతి. ఆరోజూ అగ్గిపెట్టె కోసం లేచింది. సత్యవతమ్మ గారు ఆ అగ్గిపెట్టె చేతిలోంచి తీసుకున్నారు.

"నువ్వు కూకో. దీపం నానెడతాను."

క్లాసు జరిగినంతసేపూ నేను కొట్టులోనే ఉన్నాను. బేరమాడుతున్న ఒకాయన్ని "మెల్లిగా మాటాడు బావూ, మా కోడలు పాఠం సెప్తన్నాది" అని ఆవిడ కసిరారు. ఎనిమిది దాటాక గంగాళాల మధ్య పక్కవాటుగా దూరుకుంటూ స్వాతి వచ్చింది. "ఉంచేశారు అత్తయ్యా" అంది. ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడిచారు. ఆ ఇంట్లో ఆరింటి దీపం ఇప్పటికీ అత్తగారే పెడుతున్నారు.

నా కొట్టులో ఇప్పుడు పంచాంగం క్యాలెండర్ వేలాడుతుంటుంది. వచ్చినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఏ కంప్యూటర్ వచ్చినా ఏమైంది అని అడగడం మానేశాను. ఎప్పుడవుతోంది, ఆ వేళకి మీ ఇంట్లో ఏం జరుగుతుంటుంది అని అడుగుతున్నాను. ఆ నాలుగు రోజులూ కంప్యూటర్‌ని వెయ్యి ప్రశ్నలు వేశాను. రోజూ టీ ఇచ్చిన మనిషిని మాత్రం ఒక్కటీ అడగలేదు.