నాయనమ్మ అరువడిగిన నాలుక

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడకట్టు మొత్తానికి మామిడికాయ తొక్కు కలిపేది మా నాయనమ్మే. ఆమె చేయి పడితే ఏడాదంతా బూజు రాదని పేరు. ఎండాకాలం వచ్చిందంటే అందరి జాడీలూ మా అరుగు మీద వరుస కట్టేవి. ఆ నెలంతా నాయనమ్మ గొంతు కూడా కాస్త పెద్దదయ్యేది.

ఆ ఏడు ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది కానీ నోటికి రుచి తిరిగి రాలేదు. బెల్లం తిన్నా మట్టి నమిలినట్టే ఉందట. సంగతి బయటికి పొక్కితే ఇక ఎవరూ జాడీ తేరని ఆమె భయం. నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది. ఏడేళ్ల పిల్లను, అంత పెద్ద రహస్యం కడుపులో పెట్టుకుని తిరగడం నాకు ఎంత గొప్పగా ఉండేదో!

మొదటి జాడీ పక్కింటి అక్కది. వాళ్లాయన భివండీలో బట్ట నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. సెలవు అయిపోయి వెళ్తూ ఆ జాడీ పట్టుకుపోతే, అక్కడ ఏడాది పొడుగునా అతని అన్నంలోకి అదే దిక్కు. కలిపిన మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడటం మా ఆనవాయితీ. ఏ ఏటి కాయ పులుపు ఆ ఏటిదే కనుక కొలతను నమ్మడానికి లేదు. ఉప్పు తగ్గితే తొక్కు చెడిపోతుంది. నాయనమ్మ ఒక ముక్క నా అరచేతిలో పెట్టి, ఎలా ఉందని అడిగింది.

"మంచిగున్నది" అన్నాను.

"మంచిగున్నదంటె నేనేం జెయ్యాలె బిడ్డా? గా ఒక్క మాటతోని తొక్కు నిలుస్తదా?"

నాకు ఏడుపు వచ్చింది. నిజంగానే కారం తప్ప నాకింకేమీ తెలియలేదు. ఆమె కోప్పడలేదు. నోరు పుక్కిలించమని, పచ్చి జామకాయ కొరికించింది. నాలుక బిగుసుకుని లోపలికి గుంజుతుంటే "గిది వగరు" అంది. తర్వాత మెంతి గింజ నమిలించి, ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా పోయేది చేదని చెప్పింది. ఎల్లిపాయ ఘాటు ముక్కులోకి ఎక్కితే నా ముఖం చూసి నవ్వింది. ఆ పేర్లన్నీ అంతకు ముందు విన్నవే. అవి నా నోట్లో ఉన్నవాటి పేర్లని మాత్రం ఆ రోజే తెలిసింది.

మళ్లీ అదే జాడీలోంచి ఇంకో ముక్క పెట్టింది. ఈసారి రుచులు గుంపుగా మీద పడలేదు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"నాయినమ్మా, పులుపు ముందుగాల ఉరుకుతాంది. ఉప్పు ఎనుకవడ్డది. ముక్క కొరికితె లోపల చప్పగున్నది."

ఆమె నన్ను ఒక్క క్షణం అలాగే చూసి, ఇంకో పిడికెడు ఉప్పు వేసి కలిపింది.

రెండు రోజులకు అక్క వచ్చి వేలితో నాకి చూస్తుంటే నేను తలుపు చాటున నక్కి చూశాను. "పోయినేటి కంటె మంచిగున్నది పెద్దమ్మా" అంది అక్క. నాయనమ్మ నావైపు తిరిగి "మంచిగున్నదట!" అని పకపకా నవ్వింది.

మరుసటి ఎండాకాలం ఆ జాడీ ఖాళీగా, కడిగి, మళ్లీ మా అరుగెక్కింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఏడే ఇంకొకటి కూడా చూశాను. నాయనమ్మ వంటింట్లో తొక్కు నాకి, ఉప్పు తగ్గిందని తనలో తాను గొణుక్కుని, చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను పిలిచింది.

"రా బిడ్డా, నా నాలుకకు ఏం దెల్వదాయె."

వెళ్లి చెయ్యి చాపాను.

మాటను బట్టి రుచి మారుతుందా అంటే నేను చెప్పలేను. పేరు తెలియకముందు మాత్రం నా నోటికి వగరు దొరకలేదు. మొన్న జగిత్యాల నుంచి మనవరాలు వచ్చింది. తొక్కు కలిపి, ముందే రుచి చూసి, చెయ్యి కడుక్కుని దాన్ని పిలిచాను. "సూపరున్నది అమ్మమ్మా" అంది. నా నాలుకకు ఏమీ తెలియడం లేదని దిగులుగా ముఖం పెట్టి, పచ్చి జామకాయ కోయడానికి కత్తిపీట ముందుకు లాక్కున్నాను.