నేను నీళ్లు పోసిన గొర్రెపిల్ల

నిన్న ఉదయం ఎనిమిదింబావుకు, గ్వెల్ఫ్‌లో మా అక్క ఇంట్లో, నేను బావ స్వెటర్లను మెషీన్‌లో వేయబోతుంటే, "ఉతకొద్దే, ఆయన వాసన పోతుంది," అంటూ అక్క నా చేతిలోంచి లాక్కుంది. బావ పోయి మూడు వారాలైంది. ఆ మాటతో నాకు, కెనడాకు కొత్తగా వచ్చి వాళ్ల దగ్గరున్న ఏడాది గుర్తుకొచ్చింది.

బావ విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, ఊరికి దూరంగా రాళ్ల పొలం కొని, ఆ రాళ్లే ఏరి కంచె కట్టి, గొర్రెలు పెంచుతూ, బండి లాగే పెద్ద జాతి గుర్రాలను ఈనించి అమ్ముతూ బతికిన మనిషి. మనవాళ్లలో ఆయనకు ముందు అక్కడ ఆ పని చేసినవారున్నట్టు నేను వినలేదు. గుర్రం ఈనుతున్నా ఆయన కొట్టం బయటే, చలిలో, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడేవారు. అవసరమైతే తప్ప ముట్టుకునేవారు కాదు. అది బద్ధకమనుకున్నాను.

మార్చిలో ఒక పొద్దున, ఆయన గుర్రాల దగ్గరుండగా, ఒక గొర్రె ఈనింది. జిగురుతో వణుకుతున్న పిల్లను చూసి జాలిపడి, మన ఇళ్లలో పసిబిడ్డకు పోసినట్టే గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు రాసి, టవల్‌తో తుడిచి తల్లి ముందు పెట్టాను. తల్లి ఒకసారి వాసన చూసి తలతో కుమ్మేసింది. మూడుసార్లు పెట్టినా అంతే. ముర్రుపాలు పడకపోతే ఆ పిల్ల సాయంత్రం దాకా బతకదు.

బావ వచ్చి పిల్లను ఎత్తి వాసన చూశారు.

"పురిటి స్నానమా, మరదలా? సాంబ్రాణి కూడా వేశావా?"

నేను ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. ముందా కత్తి ఇలా ఇవ్వు."

తల్లి పిల్లను గుర్తుపట్టేది ఒంటి వాసనతోనే. నేను కడిగేసింది దాన్నే. అదే పొద్దున ఇంకో గొర్రెకు పిల్ల చచ్చి పుట్టింది. బావ దాని తోలు ఒలిచి, కాళ్లకు కన్నాలుంచి, నా పిల్లకు చొక్కాలా తొడిగి, ఆ రెండో గొర్రె దగ్గర వదిలారు. అది ఎంతోసేపు వాసన చూసింది. మేమిద్దరం కదల్లేదు. చివరికి అది కాస్త పక్కకు జరిగి పొదుగు ఇచ్చింది; పిల్ల తోక ఆడించింది. బావ చేతులు కడుక్కుని మళ్లీ గుర్రాల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ తప్పు ఎత్తలేదు, అక్కకు కూడా చెప్పలేదు.

పొలం చేతులు మారి చాలా ఏళ్లయింది. అక్కడ ఇంకా గొర్రెలున్నాయి. తల్లి కాదన్న పిల్లలకు మెషీన్ గొట్టాల్లోంచి పొడిపాలు అందుతాయట, బాగానే బతుకుతాయట. చచ్చిన పిల్ల తోలు ఒలిచి బతికున్న పిల్లకు తొడగడం ఇప్పుడక్కడ ఎవరూ చేయరు.